తాకుతుంది కానీ కలవదు: భవన నమూనాల్లో డక్టు కనెక్షన్ల చిక్కులు

సంక్షిప్తంగా: భవన నమూనాలు తయారుచేసే రెవిట్ ప్రోగ్రాంలో, గాలిని మోసే డక్టు పరికరానికి అతకనప్పుడు చాలామంది డక్టును చెరిపి మళ్లీ గీస్తారు. లోపం మాత్రం తరచుగా పరికరం ఫైలు లోపల, కనెక్టర్ అనే చిన్న గుర్తులో ఉంటుంది. దాని ముఖం ఎటు తిరిగి ఉంది, కొలత దేనికి ముడిపడింది, గాలి లోపలికా బయటికా, అది ఏ వ్యవస్థకు చెందుతుంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే చాలా చిక్కులు విడిపోతాయి. మిగిలినవి చోటు చాలకనో, డక్టు రకంలో తగిన ఫిట్టింగు (డక్టులను కలిపే ముక్క) లేకనో, రెండు వస్తువులు వేర్వేరు ఫైళ్లలో ఉండటం వల్లనో వచ్చేవి.

## తాకడం వేరు, కలవడం వేరు

తెర మీద గాలిని డక్టుల్లోకి పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ కనిపిస్తుంది. దాని నోటి దాకా డక్టు వచ్చి ఆగింది. ఏ కోణంలో చూసినా మధ్యలో వెంట్రుకవాసి సందు లేదు. అయినా ప్రోగ్రాం దృష్టిలో ఆ డక్టు దేనికీ చెందదు. వ్యవస్థ పేరు ఖాళీ, గాలి పరిమాణం సున్నా, యూనిట్‌ను పక్కకు జరిపితే డక్టు ఉన్నచోటే ఉండిపోతుంది. రెవిట్‌లో డక్టుల పనికి కొత్తగా దిగినవారిని బాగా తికమక పెట్టే దృశ్యం ఇది.

2000లో వాస్తుశిల్పుల పనిముట్టుగా మార్కెట్లోకి వచ్చిన రెవిట్‌ను 2002లో ఆటోడెస్క్ కొనుగోలు చేసింది. గాలి, విద్యుత్, నీటి వ్యవస్థల పనికి మొదట విడి ఉత్పత్తి ఉండేది. వాస్తు, నిర్మాణం, ఈ వ్యవస్థలు, మూడింటి పనిముట్లూ ఒకే ప్రోగ్రాంలో దొరకడం 2013 వెర్షన్‌తో మొదలైంది. ఇప్పుడు ఒకే తెర మీద రెండు రకాల కలయికలు నడుస్తున్నాయి. గోడ చివర మరో గోడను తాకితే అవి వాటంతటవే కలిసిపోతాయి. అక్కడ ఆకారమే ఆధారం. డక్టుకు ఆ నియమం వర్తించదు. డక్టు చివర ఒక కనెక్టర్ ఉంటుంది, పరికరం మీద మరొకటి ఉంటుంది. ఆ రెండూ ఒకే బిందువు దగ్గర, ఎదురెదురుగా నిలిచి, ఒకదాన్నొకటి అంగీకరించినప్పుడే బంధం నమోదవుతుంది. రేకు రేకును తాకిందా లేదా అన్నది ప్రోగ్రాం చూడదు. పరికరానికి పెట్టె ఆకారమే లేకపోయినా కనెక్టర్ ఉంటే డక్టు అతుకుతుంది. ఎంత అందమైన పెట్టె గీసినా కనెక్టర్ లేకపోతే అతకదు.

ఈ తేడా ఒక్క రెవిట్‌కే పరిమితం కాదు. భవన సమాచారాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి చేర్చే ఐఎఫ్‌సీ ప్రమాణంలోనూ పరికరం ఒక వస్తువు, దాని మీది పోర్టు మరో వస్తువు, రెండు పోర్టుల మధ్య సంబంధం మూడో నమోదు. ఆ మూడోది లేకపోతే మొదటి రెండూ పక్కపక్కనే ఉన్నా అపరిచితులే.

## ముందు తెగిన చోటు తెలియాలి

సందేశం వచ్చిన చోటే లోపం ఉందనుకోవడం తొలి పొరపాటు. మూడు సులువైన పరీక్షలు మరమ్మతుకు ముందే చేయదగినవి.

మొదటిది, పరికరాన్ని ఎంచుకుని చూడటం. ఖాళీగా ఉన్న కనెక్టర్ల దగ్గర చిన్న గుర్తు, పక్కన కొలత కనిపిస్తాయి. డక్టు తాకి ఉన్నా ఆ గుర్తు ఇంకా కనిపిస్తోందంటే బంధం లేదు. రెండోది, పరికరాన్ని కొద్దిగా జరిపి చూడటం. నిజంగా కలిసిన డక్టు సాగుతుంది, కుంచించుకుంటుంది, లేదా వీలుకాదని హెచ్చరిస్తుంది. కలవనిది చలించదు. మూడోది అన్నిటికన్నా ఉపయోగకరమైనది. డక్టు మీద మౌసును ఉంచి టాబ్ మీటను ఒక్కోసారి నొక్కుతూ పోతే మొదట ఆ ముక్క, తర్వాత దాని కొమ్మ, తర్వాత మొత్తం వల వెలుగుతాయి. ఆ వెలుగు ఎక్కడ ఆగితే అక్కడ తెగింది. పెద్ద అంతస్తులో వందల ముక్కల మధ్య తెగిన చోటును పట్టడానికి ఇంతకన్నా తక్కువ శ్రమ ఉన్న పద్ధతి లేదు.

వీటితోపాటు విశ్లేషణ ట్యాబ్‌లో తెగిన చివర్లను చూపించే ‘షో డిస్‌కనెక్ట్స్’, డక్టు వ్యవస్థలను తనిఖీ చేసే ఆదేశం ఉన్నాయి. సిస్టమ్ బ్రౌజర్‌లో ఏ వ్యవస్థకూ చేరని వస్తువులన్నీ విడిగా ఒకచోట పోగుపడి ఉంటాయి. ఆ పోగు పెరుగుతోందంటే తప్పు ఒక్క డక్టుది కాదు, బహుశా ఏదో ఒక ఫ్యామిలీ ఫైలుది, అంటే ఒక రకం పరికరానికి మూలమైన ఫైలుది. గాలిని గదిలోకి వదిలే డిఫ్యూజర్లు అదే రకానివి యాభై ఉండి, యాభైలోనూ అదే లోపం ఉంటే డక్టులను ఒక్కొక్కటిగా సరిచేయడం ఆకులకు నీళ్లు పోయడమే.

## రెండు బాణాలు, రెండు అర్థాలు

కనెక్టర్ విషయంలో ‘దిశ’ అన్న మాట రెండు వేర్వేరు సంగతులను సూచిస్తుంది. ఫోరెన్సిక్ పరీక్షలాంటి ఓపిక అవసరమయ్యేది ఇక్కడే.

ఒకటి, కనెక్టర్ ముఖం. డక్టు ఏ వైపుకు బయలుదేరాలో ఇది చెబుతుంది. ఫ్యామిలీ ఎడిటర్‌లో కనెక్టర్‌ను ఎంచుకుంటే కనిపించే బాణం పరికరం నుంచి బయటికి చూడాలి. ఒక తలం మీద ఉంచినప్పుడు తలం లోపలి వైపుకు తిరిగిపోతే, ప్రాజెక్టులో గీసిన డక్టు పరికరం పొట్టలోకి దూసుకుపోతుంది. లేదా బయట ఉన్న డక్టుతో కలిపేందుకు ప్రోగ్రాం వెనక్కి తిరిగే మార్గం వెతికి, దొరక్క, ‘మార్గం కనబడలేదు’ అన్న తరహా సందేశం ఇస్తుంది. డక్టు గీసే వ్యక్తికి ఆ సందేశంలో పరికరం పేరే వినిపించదు. దీనికి చికిత్స బాణాన్ని తిప్పడమే, కాని అది జరగాల్సింది ఫ్యామిలీ ఫైలులో.

రెండోది, గాలి ప్రవాహ దిశ. ‘ఇన్’, ‘అవుట్’, ‘బైడైరెక్షనల్’ అన్న మూడు ఎంపికలు ఉంటాయి. వీటిని గది వైపు నుంచి చూసినవారు తప్పు చేస్తారు, పరికరం వైపు నుంచి చూసినవారికి తప్పు జరగదు. సరఫరా గాలిని గదిలోకి వదిలే డిఫ్యూజర్‌నే తీసుకుంటే, అది గదిలోకి ఊదుతుంది కాబట్టి ‘అవుట్’ అనిపిస్తుంది. కాని కనెక్టర్ ఉన్నది డక్టు వైపు. డక్టు నుంచి డిఫ్యూజర్‌లోకి గాలి వస్తుంది, కనుక అది ‘ఇన్’. గది గాలిని వెనక్కి లాగే రిటర్న్ గ్రిల్ దానికి తలకిందులు: గ్రిల్ నుంచి డక్టులోకి గాలి పోతుంది, కనుక ‘అవుట్’. ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్‌లో సరఫరా నోరు ‘అవుట్’, రిటర్న్ నోరు ‘ఇన్’. ఒక చివర ‘అవుట్’ ఉంటే అవతలి చివర ‘ఇన్’ ఉండాలి. రెండు చోట్లా ‘అవుట్’ అని ఉంటే డక్టు అతికినట్టే కనిపించవచ్చు, కాని తనిఖీలో దిశలు పొసగడం లేదన్న హెచ్చరిక వస్తుంది, లెక్క నిలిచిపోతుంది. గాలిని నియంత్రించే డ్యాంపర్ల వంటి ఉపాంగాలను డక్టులో ఎటు తిప్పి పెట్టినా పనిచేయాలి కాబట్టి వాటికి ‘బైడైరెక్షనల్’ సరిపోతుంది.

దీని పక్కనే వ్యవస్థ వర్గం ఉంటుంది: సరఫరా గాలి, రిటర్న్ గాలి, ఎగ్జాస్ట్ గాలి, ఇతర గాలి వగైరా. ఎగ్జాస్ట్‌గా గుర్తించిన గ్రిల్‌ను సరఫరా వ్యవస్థలో చేర్చడానికి ప్రోగ్రాం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం సబబే. చిక్కల్లా పాత ఫ్యామిలీని నకలు చేసి కొత్త పరికరం తయారుచేసినప్పుడు వస్తుంది. పెట్టె ఆకారం మారుస్తారు, పేరు మారుస్తారు, కనెక్టర్ వర్గం మాత్రం పాతదే మిగిలిపోతుంది. డ్యాంపరు, ఫిల్టరు వంటి దారిలో వచ్చే వస్తువులకు ‘ఫిట్టింగ్’ అన్న వర్గం ఉంది. వాటికి సొంత వ్యవస్థ ఉండదు, చేరిన డక్టుదే వాటి వ్యవస్థ. అలాంటి వస్తువుకు రెండు కనెక్టర్లు ఉన్నప్పుడు ఆ రెండింటినీ ఫ్యామిలీలో ఒకదానితో ఒకటి లింకు చేయాలి. లేకపోతే గాలి ఒక వైపు నుంచి వచ్చి మరో వైపుకు చేరదు, వ్యవస్థ ఆ వస్తువు దగ్గరే రెండుగా చీలిపోతుంది.

అయితే ఆ చీలిక ప్రతిసారీ తప్పు కాదు. గాలి పరిమాణాన్ని మార్చే వీఏవీ పెట్టెలో లోపలి నోరు ప్రధాన యూనిట్ వ్యవస్థకు, బయటి నోరు ఆ పెట్టె నడిపే చిన్న వ్యవస్థకు చెందేలా నమూనా చేయడం మామూలే. అక్కడ వలను ఒకటి చేయాలని కనెక్టర్లను లింకు చేస్తే పెట్టెకు ముందున్న లెక్క, తర్వాతి లెక్క కలగాపులగం అవుతాయి.

## కొలతల దగ్గర జరిగే మోసం

గుండ్రటి కనెక్టర్‌కు కొలతను వ్యాసంగా ఇవ్వవచ్చు, వ్యాసార్థంగానూ ఇవ్వవచ్చు. తయారీదారు పట్టికలో 250 మిల్లీమీటర్ల వ్యాసం అని ఉంటుంది. ఆ విలువను వ్యాసార్థం గడికి ముడిపెడితే కనెక్టర్ 500 మిల్లీమీటర్లకు ఉబ్బుతుంది. వైశాల్యం నాలుగు రెట్లు, గాలి వేగం నాలుగో వంతు. తెర మీద పరికరం నోరు 250 గానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆకారం వేరే కొలతను అనుసరిస్తోంది. డక్టు గీసినప్పుడు మాత్రం అకస్మాత్తుగా లావుపాటి గొట్టం బయలుదేరుతుంది. దాన్ని చూసి డక్టు కొలతను చేత్తో 250కి తగ్గిస్తే ప్రోగ్రాం మర్యాదగా ఒక ట్రాన్సిషన్ (కొలత లేదా ఆకారం మార్చే ముక్క) చేరుస్తుంది. సమస్య తీరినట్టే ఉంటుంది, నిజానికి సైటులో ఎవరికీ అవసరం లేని ట్రాన్సిషన్ ఒకటి పరిమాణాల పట్టికలోకి ఎక్కింది.

మరో చిక్కు చతురస్రపు నోళ్లలో కనిపించదు. దీర్ఘచతురస్రపు నోళ్లలో వెడల్పు, ఎత్తు తారుమారవుతాయి. 600 × 400 నోటికి కనెక్టర్ 90 డిగ్రీలు తిరిగి ఉంటే డక్టు 400 వెడల్పు, 600 ఎత్తుతో నిలువుగా బయలుదేరుతుంది. అడ్డంగా వస్తున్న డక్టుతో కలపబోతే మెలితిరిగిన ట్రాన్సిషన్ పడుతుంది, లేదా అసలు కలవదు. వెడల్పు, ఎత్తు విలువలను ఒకదాని స్థానంలో మరొకటి రాసి పని కానిచ్చేవారు ఉన్నారు. ఒక కొలతకు అది పనిచేస్తుంది. అదే ఫ్యామిలీలోని మరో సైజు ఎంచుకోగానే పరికరం ఆకారం ఒక దారి, కనెక్టర్ మరో దారి పడతాయి. కనెక్టర్‌నే తిప్పడం సరైన పద్ధతి.

కనెక్టర్‌ను ఉంచే చోటు కూడా కొలతల సంగతే. ముఖం మీద ఉంచితే అది ఆ ముఖం మధ్యబిందువుకు అంటుకుంటుంది. ముఖం పెరిగితే మధ్యబిందువు జరుగుతుంది, కనెక్టరూ జరుగుతుంది. యూనిట్ ముందు పలక మొత్తాన్ని ఎంచుకుని కనెక్టర్ పెట్టినవారికి డక్టు పలక నడిమధ్య నుంచి వస్తుంది, అసలు నోరు పైమూలలో ఉన్నా సరే. అందుకే అనుభవజ్ఞులు నోరు ఉన్నచోట పలుచని ఫ్లాంజ్ లాంటి పట్టీని విడిగా గీసి, దాని ముఖం మీద కనెక్టర్ ఉంచుతారు. దిగుమతి చేసుకున్న త్రీడీ ఆకారం మీద ముఖం సరిగా దొరకనప్పుడూ ఇదే ఉపాయం పనికొస్తుంది. లేదా కనెక్టర్‌ను వర్క్ ప్లేన్ మీద ఉంచి, స్థానాన్ని కొలతలతో బిగిస్తారు.

## పరికరం నిర్దోషి అయినప్పుడు

కనెక్టర్‌లో ఏ లోపమూ లేకున్నా డక్టు కలవని సందర్భాలు ఉన్నాయి. వాటిలో చోటు చాలకపోవడం ప్రధానం. 600 మిల్లీమీటర్ల వెడల్పు డక్టు అడ్డంగా మలుపు తిరగాలనుకుందాం. ఎల్బో (మలుపు ముక్క) మధ్యరేఖ వ్యాసార్థం వెడల్పుకు ఒకటిన్నర రెట్లు అయితే అది 900 మిల్లీమీటర్లు. పరికరం ముఖం నుంచి అడ్డు డక్టు మధ్యరేఖ వరకు 700 మాత్రమే ఉంటే ఆ ఎల్బో అక్కడ పట్టదు. కొలతల తేడా వల్ల ట్రాన్సిషన్ కూడా కావాల్సివస్తే 900 సైతం చాలదు. ప్రోగ్రాం ఇక్కడ మొండికేసిందనడం అన్యాయం. సైటులో రేకు పనివాడు ఎదుర్కోబోయే ఇబ్బందినే అది ముందుగా చెబుతోంది. పరికరాన్ని జరపాలి, లేదా చిన్న వ్యాసార్థపు ఎల్బో ఎంచుకోవాలి.

దీనికి ఎదురుగా మరో విచిత్రం ఉంది. పరికరం నోటి మధ్యరేఖకు, డక్టు మధ్యరేఖకు మధ్య తేడా పెద్దదైతే రెండు ఎల్బోలు పెట్టి దాటవచ్చు, కాని తేడా ఐదారు మిల్లీమీటర్లే అయితే అది తిన్నని గీతా కాదు, రెండు ఎల్బోలు పట్టేంత మెట్టూ కాదు. అలాగే పరికరం కింద ఉన్న పాత డ్రాయింగును అనుసరించి డిగ్రీలో పదో వంతు తిరిగిపోయి ఉంటే కంటికి ఏమీ తెలియదు, ఎల్బో మాత్రం తిరస్కరిస్తుంది. ప్రోగ్రాం సుమారు 0.8 మిల్లీమీటర్ల కన్నా చిన్న గీతను గీయలేదు కాబట్టి అంతకన్నా చిన్న సందును డక్టు ముక్కతో పూడ్చడమూ కుదరదు. ఇలాంటి చోట డక్టు చివరను లాగుతూ కూర్చోవడం కన్నా, ఆ ముక్కను తీసేసి పరికరం కనెక్టర్ నుంచి కొత్తగా డక్టు బయలుదేరేలా గీయడం మేలు. అప్పుడు మధ్యరేఖ, ఎత్తు, కొలత మూడూ కనెక్టర్ నుంచే వస్తాయి.

డక్టు రకంలోని రూటింగ్ ప్రిఫరెన్సెస్‌ను, అంటే ఎక్కడ ఏ ఫిట్టింగు వాడాలో చెప్పే జాబితాను, మరిచిపోయేవారూ ఎక్కువే. గుండ్రటి నోటికి దీర్ఘచతురస్రపు డక్టు కలవాలంటే ఆ రెండు ఆకారాలను కలిపే ట్రాన్సిషన్ ఆ జాబితాలో నమోదై ఉండాలి. జాబితాలో ఆ గడి ఖాళీగా ఉంటే ఫిట్టింగు ఎక్కడి నుంచి వస్తుంది? మరో ప్రాజెక్టులో చక్కగా కలిసిన పరికరం ఈ ప్రాజెక్టులో కలవడం లేదంటే మొదట చూడాల్సింది ఇదే.

ఇంకో రెండు సంగతులు క్లుప్తంగా. పరికరం లింకు చేసిన మరో ఫైలులో ఉంటే దానికి డక్టు కలవదు, ఎందుకంటే బంధం ఒకే ఫైలులోని వస్తువుల మధ్యే ఏర్పడుతుంది. కాపీ/మానిటర్ అన్న ఆదేశంతో ఆ పరికరం నకలును తెచ్చుకోవాలి. ఒక ఫ్యామిలీలో మరో ఫ్యామిలీని ఇమిడ్చినప్పుడు లోపలిదాన్ని ‘షేర్డ్’గా గుర్తించకపోతే దాని కనెక్టర్ ప్రాజెక్టుకు కనిపించదు.

## కలిసినా లెక్క రాకపోతే

డక్టు కలిసింది, వ్యవస్థ పేరు వచ్చింది, గాలి పరిమాణం మాత్రం సున్నా లేదా నమ్మశక్యం కాని అంకె. ఇక్కడ చూడాల్సింది ప్రవాహ అమరిక. ‘ప్రీసెట్’ అంటే ఆ కనెక్టర్ దగ్గర విలువను మనమే ఇస్తాం. ‘కాలిక్యులేటెడ్’ అంటే అవతల ఉన్నవాటిని కూడి విలువ తెచ్చుకుంటుంది. ‘సిస్టమ్’ అంటే మొత్తం ప్రవాహంలో తనకు కేటాయించిన వాటా తీసుకుంటుంది. రెండు సమాన ఫ్యాన్లు పక్కపక్కనే నడిస్తే ఒక్కోదానికి వాటా 0.5. సాధారణంగా చివరి డిఫ్యూజర్ల దగ్గర ‘ప్రీసెట్’, యూనిట్ సరఫరా నోటి దగ్గర ‘కాలిక్యులేటెడ్’ ఉంటాయి. రెండు వైపులా ‘కాలిక్యులేటెడ్’ ఉంటే ఎవరి విలువ కోసం ఎవరు చూస్తున్నట్టు? ఇద్దరూ ఎదుటివారి జేబు తడుముతారు, సున్నా వస్తుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా సున్నాయే కనిపిస్తే వ్యవస్థ రకంలో లెక్కల అమరిక ‘నన్’ అని ఉందేమో చూడాలి. పెద్ద నమూనా నెమ్మదిస్తోందని ఎవరో ఎప్పుడో దాన్ని ఆపి, మళ్లీ తెరవడం మరిచిపోవడం అరుదు కాదు.

తప్పు అంకె సున్నా కన్నా ప్రమాదకరం, ఎందుకంటే అది అనుమానం రేపదు. సెకనుకు 1,000 లీటర్ల గాలి 600 × 400 డక్టులో పోతే వేగం సెకనుకు సుమారు 4.2 మీటర్లు. ఒక కొమ్మ రెండుసార్లు లెక్కలో చేరి ప్రవాహం రెట్టింపయితే వేగమూ రెట్టింపవుతుంది, రాపిడి వల్ల పోయే పీడనం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఆ అంకె మీద ఆధారపడి ఫ్యాన్ ఎంచుకుంటే మోటారు అవసరానికి మించి పెద్దదవుతుంది. కొమ్మ తెగి లెక్కలోకి రాకపోతే ఫలితం తలకిందులు: ఫ్యాన్ చాలదు, చివరి గదులకు గాలి అందదు. గుద్దుకునే చోట్లను వెతికే తనిఖీ ఈ తప్పును పట్టదు. ఆ తనిఖీ ఆకారాలను చూస్తుంది, ఆకారాలు ఇక్కడ ఎక్కడివక్కడే ఉన్నాయి.

## సరిచేస్తూ తెంపుకోవడం

ఫ్యామిలీలో లోపం దొరికాక చాలామంది పాత కనెక్టర్‌ను తీసేసి అదే చోట కొత్తది పెడతారు. చూడటానికి రెండూ ఒకటే. కాని ప్రాజెక్టులో ఇప్పటికే కలిసి ఉన్న డక్టులు పాత కనెక్టర్‌ను దాని గుర్తింపు సంఖ్యతో ఎరుగుతాయి. సవరించిన ఫ్యామిలీని తిరిగి లోడ్ చేయగానే ఆ సంఖ్య మాయమవుతుంది, అప్పటిదాకా సవ్యంగా ఉన్న బంధాలు కూడా తెగుతాయి. ముఖాన్ని తిప్పడం, వర్గం మార్చడం, కొలతను సరైన పారామీటర్‌కు ముడిపెట్టడం వంటివి ఉన్న కనెక్టర్ మీదే చేయవచ్చు. తీసేయడం చివరి మార్గం. కనెక్టర్ అంటుకున్న తలాన్నే తొలగించడంతో అదీ పోయినప్పుడు మాత్రం వేరే దారి ఉండదు.

సవరించిన ఫైలును ముందుగా ఒక ఖాళీ ప్రాజెక్టులో పెట్టి, ప్రతి నోటికి ఒక డక్టు, దాని చివర ఒక డిఫ్యూజర్ లేదా గ్రిల్ కలిపి, ఫ్యామిలీలోని అన్ని సైజులనూ ఒక్కొక్కటిగా మార్చి చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలు. అక్కడ నిలిచినదాన్నే అసలు నమూనాలోకి తేవాలి, అదీ తెగిన చివర్ల జాబితాను ముందొకసారి, తర్వాతొకసారి తీసి పోల్చాక.